ఫోటో తీస్తే చర్మ క్యాన్సర్ చెప్పే యాప్: మన చర్మానికి ఎంతవరకు పనికొస్తుంది?

నమస్కారం అండి. పుట్టుమచ్చను ఫోటో తీసి పెడితే క్యాన్సర్ ప్రమాదం ఉందో లేదో చెప్తామనే యాప్‌లు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని ఇక్కడ తిరుపతిలో మా ఇంట్లోవాళ్ల మచ్చల మీద వాడి చూశాను. పేరు చెప్పను, ఎందుకంటే నేను చూపించే లోపం ఆ ఒక్క యాప్‌ది కాదు. నా మాట ముందే చెప్పేస్తాను. మచ్చ మారుతోందేమో కనిపెట్టుకోవడానికి ఫోన్ బాగా పనికొస్తుంది. కానీ యాప్ "భయం లేదు" అంటే నమ్మి ఊరుకోకండి.

ముందు మంచి సంగతి. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దాదాపు 1,29,450 ఫోటోలు చూపించి ఒక ప్రోగ్రామ్‌కు నేర్పారు. 21 మంది చర్మ వైద్యుల పక్కన పెట్టి చూస్తే, క్యాన్సర్ మచ్చను గుర్తుపట్టడంలో అది వాళ్లకు దీటుగా నిలిచింది. అంటే ఈ టెక్నాలజీలో సత్తా ఉంది, అందులో నాకు అనుమానం లేదు.

చిక్కు ఎక్కడంటే, దేన్ని చూసి గుర్తుపట్టాలో ఎవరూ దానికి చెప్పరు. ఫోటోల్లోంచి అదే పట్టుకుంటుంది. డాక్టర్లు అనుమానం ఉన్న మచ్చ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీస్తారు కదా, స్కేలు కనిపిస్తే క్యాన్సర్ అనడానికి ప్రోగ్రామ్ మొగ్గు చూపుతోందని ఆ పరిశోధకులే తర్వాత రాశారు. దానికి ఏం చూపించి నేర్పామన్నది అంత ముఖ్యం.

మరి ఏం చూపించారు? ఈ రంగంలో ఎక్కువగా వాడే ఒక ఫోటోల సెట్‌లో 10,015 ఫోటోలున్నాయి. అవి ఆస్ట్రియా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చినవి. చాలావరకు తెల్ల చర్మమే. 2022లో రకరకాల చర్మపు రంగులున్న 656 ఫోటోలతో ఇలాంటి ప్రోగ్రామ్‌లను పరీక్షిస్తే, ముదురు రంగు చర్మం దగ్గర వాటి పనితనం తగ్గింది. దామలచెరువు మామిడి మండీలో ఎప్పుడూ తోతాపురి మాత్రమే చూసినవాడి చేతిలో బేనీషా పెట్టి గ్రేడు చెప్పమన్నట్టు ఉంది ఇది.

రంగు ఒక్కటే కాదు, చోటు కూడా. ఈ వీడియో చేయడానికి అసలు కారణం ఇదే. చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైన మెలనోమా తెల్లవాళ్లలో ఎక్కువగా ఎండ తగిలే చర్మం మీద వస్తుంది. మనలాంటి రంగువాళ్లలో అది అరుదు, కానీ వచ్చినప్పుడు తరచుగా అరికాలు, అరచెయ్యి, గోరు కింద కనిపిస్తుంది. గాయకుడు బాబ్ మార్లేకి వచ్చింది కాలి వేలి గోరు కిందే. 1981లో చనిపోయేనాటికి ఆయన వయసు 36.

ఇప్పుడు మన ఊరు ఆలోచించండి. అలిపిరి నుంచి చెప్పులు లేకుండా మెట్లెక్కుతాం. పొలంలో వట్టి కాళ్లతో తిరుగుతాం. నడక వల్ల క్యాన్సర్ వస్తుందని కాదు, దయచేసి అలా అర్థం చేసుకోవద్దు. కానీ కాలికి దెబ్బలు మామూలే కాబట్టి గోరు నల్లబడితే ఎవరూ పట్టించుకోరు. మెట్టు తగిలి నల్లబడిన మా మామ బొటనవేలి గోరును యాప్‌కు చూపించాను. ట్యూబ్‌లైట్ కింద తీస్తే "ప్రమాదం ఎక్కువ" అంది. అదే గోరును కిటికీ దగ్గర తీస్తే "తక్కువ" అంది. మా అత్తకు ఒకటే టెన్షన్. దెబ్బ వల్ల గడ్డకట్టిన రక్తమైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది. అలా జరగకుండా నల్లచార వెడల్పవుతున్నా, గోరు చుట్టూ చర్మానికి నలుపు పాకినా డాక్టరు చూడాలి.

ఇంకొకటి, పాత కాలిన మచ్చలు. ఏళ్ల నాటి మచ్చ మీద పుండు పడి మానకపోతే అది కూడా క్యాన్సర్ కావచ్చు. నేను వాడిన యాప్ పుట్టుమచ్చ ఎక్కడుందని అడిగింది తప్ప దీని గురించి అడగనే లేదు.

అయితే ఫోన్‌ను ఎలా వాడాలి? నెలకోసారి, పగటి వెలుతురులో, ఒకే దూరం నుంచి, పక్కన స్కేలు పెట్టి మచ్చను ఫోటో తీయండి. ఈ ఫోటోలు యాప్‌కు కాదు, మీకూ డాక్టరుకూ. అరికాళ్లు ఇంట్లో ఇంకొకరితో తీయించండి, పెద్దవాళ్లకైతే మీరే తీయండి. రెండు సగాలు ఒకేలా లేకపోయినా, అంచు గజిబిజిగా ఉన్నా, రెండు మూడు రంగులు కలిసి ఉన్నా, 6 మిల్లీమీటర్లు దాటినా, అన్నిటికంటే ముఖ్యంగా మారుతూ ఉన్నా, ఆ ఫోటోలు పట్టుకుని రుయా ప్రభుత్వాసుపత్రిలో చర్మం ఓపీకి వెళ్లండి. అనుమానం ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఖాయంగా తేల్చేది ఆ పరీక్షే.

డాక్టరు చేతిలో ఇదే టెక్నాలజీ వేరేగా ఉంటుంది. డెర్మటోస్కోప్ అని వెలుగుతో పెద్దది చేసి చూపే పరికరం ఉంటుంది. దాంతో తీసిన ఫోటోల మీద డాక్టర్లు కంప్యూటర్ సాయం తీసుకుంటే ఫలితం మెరుగైందని 2020లో ఒక పరిశోధన చూపించింది. అనుభవం తక్కువున్నవాళ్లకే ఎక్కువ లాభం. కంప్యూటర్ తప్పు చెప్పినప్పుడు మాత్రం అనుభవమున్న డాక్టర్లు కూడా దాని వెంట పోయారు. పీహెచ్‌సీలకు ఇది వస్తే నేను సంతోషిస్తాను, కానీ ఆ జాగ్రత్తతో రావాలి.

ఇంట్లో వాడుకునే యాప్‌కు ఇప్పటికి 5కి 2 ఇస్తున్నాను. మన చర్మం ఫోటోలతో, ముక్క పరీక్షలో తేలిన కేసులతో, అరికాళ్లనూ గోళ్లనూ చూసి నేర్చుకున్న యాప్ వచ్చిన రోజు మళ్లీ ఇదే పరీక్ష పెట్టి మీకు చూపిస్తాను.