‘వాళ్ళు రారండీ’ అనే ముందు

అందరికీ నమస్కారం. అమెరికాలో మైనారిటీ జాతుల వాళ్ళకి డిప్రెషన్ వైద్యం అనే విషయం మీద ఎక్కడ మీటింగ్ జరిగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: “వాళ్ళు రారండీ, సిగ్గు, భయం, వాళ్ళ కల్చర్ అంతే.” నల్లజాతి వాళ్ళ గురించి ఇలా అంటారు, లాటిన్ అమెరికా మూలాలున్న లాటినోల గురించి అంటారు, ఆసియా వాళ్ళ గురించి అంటారు, అంటే మన గురించి కూడా. సిగ్గు లేదని నేను అనను, బోలెడంత ఉంది. కానీ అక్కడితో ఆగిపోతే క్లినిక్‌లకీ ఇన్సూరెన్స్ కంపెనీలకీ ప్రాణం హాయిగా ఉంటుంది, తప్పంతా పోయి రోగి నెత్తిన పడుతుంది. నేను చెప్పబోయేది ఒక్కటే. వైద్యం చేతికందే చోట పెడితే జనం వస్తారు, వచ్చినవాళ్ళకి, మిగతా అందరికీ తగ్గినట్టే, తగ్గుతుంది.

ఇది నా సొంత కవిత్వం కాదు. 2001లో అప్పటి సర్జన్ జనరల్, అంటే దేశంలో ప్రజారోగ్యం గురించి మాట్లాడే పెద్ద ప్రభుత్వ వైద్యాధికారి, డేవిడ్ సాచర్ ఒక రిపోర్టు ఇచ్చారు. మైనారిటీల మీద మానసిక వ్యాధుల భారం ఎక్కువగా పడుతోందంటే ఆ జబ్బులు వాళ్ళకి ఎక్కువగా రావడం వల్లో, ముదిరి రావడం వల్లో కాదు, వైద్యం తక్కువగా, అదీ నాసిరకంగా అందడం వల్ల అని అందులో ఉంది. ఇన్నేళ్ళయినా మనం ఇంకా కల్చర్ దగ్గరే తిరుగుతున్నాం.

2003లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ట్రయల్ గురించి కాస్త తీరిగ్గా చెప్తాను. జీన్ మిరండా అనే సైకాలజిస్టు, ఆవిడ బృందం వాషింగ్టన్ డీసీ శివార్లలో చేశారు. డిప్రెషన్‌తో ఉన్న 267 మంది ఆడవాళ్ళు, చిన్న వయసు, చాలీచాలని ఆదాయం, ఎక్కువమంది నల్లజాతి వాళ్ళూ లాటినోలూ. వాళ్ళని వెతికింది సైకియాట్రిస్టుల ఆఫీసుల్లో కాదు, కుటుంబ నియంత్రణ క్లినిక్‌లలో, పేద తల్లులకి ఆహార సాయం ఇచ్చే కేంద్రాలలో, అంటే వాళ్ళు ఎలాగూ వచ్చే చోట. మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి మందులు, ఇంకో గుంపుకి వారానికొకటి చొప్పున 8 సార్లు థెరపీ (మాటలతో చేసే వైద్యం), మూడో గుంపుకి మామూలుగా అందరూ చేసేదే, “దగ్గర్లో ఫలానా మానసిక వైద్య కేంద్రం ఉంది, వెళ్ళండి” అని పంపడం. మొదటి రెండు గుంపుల వాళ్ళకి పిల్లల్ని చూసుకునే మనిషిని పెట్టారు, రానూపోనూ ఏర్పాటు చేశారు, స్పానిష్ మాట్లాడే వాళ్ళతో స్పానిష్‌లోనే మాట్లాడారు, రాకపోతే వదిలేయకుండా మళ్ళీ ఫోన్ చేశారు. మందులు తీసుకున్నవాళ్ళకీ థెరపీ తీసుకున్నవాళ్ళకీ మూడో గుంపు కన్నా బాగా తగ్గింది. మూడో గుంపులో చాలామంది ఆ చెప్పిన చోటికి అసలు వెళ్ళనే లేదు. అందరూ అవే పేటల వాళ్ళు, అదే కల్చర్ వాళ్ళు! చంటిబిడ్డని ఎవరి దగ్గర వదలాలి, బస్సుకి డబ్బులెలా, పనిలో సెలవెలా అని తల పట్టుకున్న మనిషిని చూసి “స్టిగ్మా”, అంటే నలుగురూ ఏమనుకుంటారోనన్న సిగ్గు, అని రాసుకుని వెళ్ళిపోతున్నాం మనం.

ఇంకోటి, మందుల సంగతి. డిప్రెషన్ మందు బాగా పనిచెయ్యడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, కానీ వికారం, నిద్ర పాడవడం లాంటివి మొదటి వారంలోనే మొదలవుతాయి. అంటే బాగుపడేలోపు ఇంకా కష్టంగా ఉంటుందన్నమాట. ఈ మాట చీటీ రాసేటప్పుడే చెప్పి, వారం తిరక్కుండా ఎవరో ఒకరు ఫోన్ చేసి “ఎలా ఉందమ్మా” అని అడగకపోతే మనిషి మందు ఆపేస్తాడు, ఆపాక మళ్ళీ రాడు, ఫైలులో మాత్రం “పేషెంటు సహకరించలేదు” అని పడుతుంది. ఫ్యామిలీ డాక్టర్ దగ్గరే ఒక కేర్ మేనేజర్ ఉండి రోగితో టచ్‌లో ఉండడం, సైకియాట్రిస్టు వెనకనుంచి సలహా ఇవ్వడం, తగ్గకపోతే మందో థెరపీయో మార్చడం, దీన్ని కొలాబొరేటివ్ కేర్ అంటారు. 18 క్లినిక్‌లలో 1,801 మంది వయసు మళ్ళినవాళ్ళ మీద చేసి 2002లో ఫలితాలు ప్రచురించిన ఇంపాక్ట్ ట్రయల్‌లో ఏడాది తిరిగేసరికి ఈ పద్ధతిలో 45 శాతం మందికి లక్షణాలు కనీసం సగం తగ్గాయి, మామూలు వైద్యంలో 19 శాతం మందికే. ఆ పెద్దవాళ్ళలో నల్లజాతి వాళ్ళూ లాటినోలూ కూడా ఉన్నారు, వాళ్ళకీ మేలు జరిగింది.

ఇక భాష. ఇది మన ఇళ్ళ సంగతే కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి కొడుకో కోడలో పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెప్తుంటే ఆవిడ ఏం చెప్పగలదు? “ఈ మధ్య బతకాలనిపించడం లేదు” అని కోడలి ముందు అంటుందా? మోకాళ్ళ నొప్పి, నిద్ర పట్టడం లేదు, ఆకలి లేదు, అంతే అంటుంది. అబద్ధమేం కాదు, డిప్రెషన్ ఒంట్లోంచి కూడా మాట్లాడుతుంది. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంది కదా, గడిచిన రెండు వారాల గురించి అడిగేది, అందులో నిద్ర, నీరసం, ఆకలి మూడూ ఉన్నాయి. థైరాయిడ్, రక్తహీనత చూసేసి “అన్నీ నార్మలే” అని పంపేశారంటే డాక్టర్ పని సగమే అయినట్టు. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆసుపత్రులు ఎమర్జెన్సీలో తప్ప చిన్నపిల్లల చేత ఇంటర్‌ప్రెటింగ్ (ఒకరి మాట ఇంకొకరికి వాళ్ళ భాషలో చెప్పడం) చేయించకూడదు, ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా వాళ్ళే ఇవ్వాలి. అడగండి. మనవాళ్ళే ఇంటర్‌ప్రెటర్‌గా వస్తే విషయం నలుగురికీ పాకుతుందేమోనన్న భయం ఉంటుంది, ఆ భయం న్యాయమైనదే. ఫోన్‌లో వేరే రాష్ట్రం నుంచి మాట్లాడే ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు.

నమ్మకం గురించి ఒక్క మాట. అలబామా రాష్ట్రంలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్ళకి మందు దొరుకుతున్నా ఇవ్వకుండా చూస్తూ కూర్చున్న దేశం ఇది. “మీరెందుకు డాక్టర్లని నమ్మరు” అని వాళ్ళని అడిగే ముందు కాస్త ఆలోచించాలి. లాస్ ఏంజెలెస్‌లో కమ్యూనిటీ పార్ట్‌నర్స్ ఇన్ కేర్ అని ఒక ప్రాజెక్టు చేశారు, ఫలితాలు 2013లో వచ్చాయి. క్లినిక్‌లతో పాటు చర్చిలు, పార్కులు, జుట్టు కత్తిరించే సెలూన్లు కూడా కలిసి డిప్రెషన్ సేవల ప్లాన్ తామే వేసుకున్నాయి. ఏ సంస్థకా సంస్థకి విడిగా ట్రైనింగ్ ఇచ్చి వదిలేసిన పద్ధతి కన్నా ఇందులో ఆరు నెలలకి జనం మానసికంగా మెరుగ్గా ఉన్నారు, మానసిక సమస్యలతో ఆసుపత్రిలో చేరడం తగ్గింది.

మన సంఘాలు హెల్త్ క్యాంపులు పెడతాయి, బీపీ, షుగర్ చూస్తాయి. డిప్రెషన్ ఫారం కూడా పెడదామని ఎవరైనా ఉత్సాహపడితే నాదొక షరతు. ఎక్కువ స్కోరు వచ్చిన మనిషిని ఆ రోజే ఎవరికి అప్పజెప్తారు, వచ్చే వారం ఎవరు ఫోన్ చేస్తారు, ఆ పేర్లు ముందు రాసుకుని అప్పుడు ఫారం పంచండి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి, దానికి అవునన్న మనిషిని ఒంటరిగా ఇంటికి పంపకండి. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్ళకి సాయం చేసే 988 నంబరు 2022 జులై నుంచి పనిచేస్తోంది, రాత్రైనా పగలైనా కాల్ చెయ్యొచ్చు, మెసేజ్ పంపొచ్చు, స్పానిష్ కావాలంటే 2 నొక్కాలి. కాల్ చేసినవాళ్ళు ఇంటర్‌ప్రెటర్‌ని కూడా అడగొచ్చు.

ఇక మీరు అడగండి. అందరి ముందూ అడగడం ఇబ్బందైతే కాగితం మీద రాసి పంపండి, పేరు రాయక్కర్లేదు.