నేల మీద పిట్టపిల్ల కనిపిస్తే

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది ఈ సెల్లార్‌లో కూర్చున్నారంటే, అది మొన్న మీ గేటు పక్కన కానుగ చెట్టు కింద దొరికిన పిగిలిపిట్ట పిల్ల పుణ్యమే. దాని సంగతికి వస్తాను.

ముందు నా తప్పు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట తార్నాకలో ఉండగా, మే నెల ఎండలో మా వెంటిలేటర్ గూట్లోంచి పిచ్చుక పిల్ల కింద పడింది. నోరు తెరుస్తుంటే దాహమేమో అనుకుని ఇంకు ఫిల్లర్‌తో నీళ్లు పోశాను. నిమిషంలో తల వాల్చేసింది. పిట్టల శ్వాసనాళం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది. నేను పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. పిచ్చుక పిల్లకు తల్లి తెచ్చే పురుగుల్లోని తడే చాలని నాకప్పుడు తెలీదు. అందుకే ఎక్కడికి పిలిచినా మొదట ఇదే చెబుతాను: నోట్లో నీళ్లు పోయకండి. పాలైతే అసలే వద్దు, పిట్టలకు అవి అరగవు.

చేయి చాపే ముందు చూడండి. ఒళ్లంతా ఈకలొచ్చి, తోక మాత్రం పొట్టిగా ఉండి, గెంతుతోందంటే అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. గూడు దిగాక కొన్ని రోజులు నేల మీదా పొదల్లోనూ తిరగడమే దాని చదువు. తల్లీతండ్రీ దగ్గర్లోనే ఉండి మేత పెడుతుంటాయి. దాన్ని ఇంటికి తెస్తే కన్నవాళ్ల దగ్గర్నుంచి ఎత్తుకొచ్చినట్టే. కుక్కల్నీ పిల్లుల్నీ అటు రానివ్వకండి. పిల్లను పొదలో కూర్చోబెట్టి, బాగా దూరం జరిగి గంటో రెండు గంటలో గమనించండి. మనం పక్కనే నిలబడితే తల్లి దిగదు.

ఈకలు రాక, కళ్లు తెరవక ఉంటే అది గూట్లో ఉండాల్సినది. గూడు అందితే తిరిగి పెట్టేయండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదని మా అమ్మమ్మ కూడా అనేది. అది నిజం కాదు. పిట్టలు మన వాసన తగిలిందని పిల్లల్ని వెలివేయవు.

ఇక ఏ పిట్ట పిల్లో పోల్చుకోవడం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది! కాళ్లు చూడండి. కాకికి మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కి. కోయిలకు రెండు ముందుకు, రెండు వెనక్కి. కాకి గూట్లో పెరిగిన నల్లటి కోయిల పిల్లను కాకి పిల్ల అనుకునేవాళ్లకు ఈ ఒక్క గుర్తు చాలు. రామచిలుక వేళ్లూ అంతే, కానీ దాని ముక్కు పుట్టుకతోనే వంకీ తిరిగి ఉంటుంది. పసుపుపచ్చటి నూగుతో, ఒంటికి మించిన ముక్కుతో ఉంటే పావురం పిల్ల. అది నోరు తెరిచి అడగదు, తల్లి నోట్లోకే ముక్కు దూర్చి తాగుతుంది. నోరు తెరవట్లేదు కాబట్టి ఆకలి లేదనుకోకండి. ఖాళీ ప్లాట్లలో గుడ్లు పెట్టే తీతువు పిల్ల పుట్టిన కొద్ది గంటలకే పరుగెత్తుతుంది, తనే ఏరుకు తింటుంది. దాన్ని పట్టుకోకండి.

తల్లి రాకపోతే, గాయముంటే, అప్పుడు మన అవసరం. ముందు వెచ్చదనం, తర్వాతే మేత. చల్లబడిన పిల్లకు తిన్నది అరగదు. చిల్లులు పెట్టిన అట్టడబ్బాలో పాత బట్ట వేసి, ఒక పక్కన గోరువెచ్చటి నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి ఉంచండి. మూత వేసి, చీకటిగా, నిశ్శబ్దంగా వదిలేయండి. పిల్లలకు చూపించాలని మాటిమాటికీ తెరవొద్దు. పిల్లి నోట పడిన పిట్టకు గాయం కనబడకపోయినా ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. పిల్లి నోటిలోని సూక్ష్మజీవులే దాన్ని చంపేస్తాయి. మిగతావాటి కోసం అటవీశాఖకు ఫోన్ చేయండి. ముద్దొస్తోందని రామచిలుక పిల్లను పంజరంలో పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఇప్పుడు మీ పిగిలిపిట్ట. ఒంటి మీద ఇంకా ముళ్లలాంటి ఈక కాడలే ఉన్నాయి, గూడేమో గాలికి చెదిరిపోయింది. మీ వాచ్‌మన్ అన్న, నేనూ కలిసి చిల్లుల బుట్టలో ఎండుగడ్డి పరిచి అదే కొమ్మకు కట్టాం. మొదటి అంతస్తు కిటికీ చాటున ముప్పావుగంట నిలబడ్డాం. తల్లి రెండుసార్లు బుట్ట చుట్టూ తిరిగి వెళ్లిపోయింది. మూడోసారి ముక్కున పురుగుతో వచ్చి అంచు మీద వాలింది. పిల్ల ఎగిరిపోయేదాకా ఆ చెట్టు కింద బండ్లు పెట్టకండి, ఆ కొమ్మ కొట్టించకండి.