రెండు చుక్కల మధ్య

శ్రోతలందరికీ నమస్కారం.

పోయిన వేసవిలో మా అమ్మకి కంట్లో శుక్లం తీశారు. వెనకటిలా కళ్లకు గంతలు కట్టి రోజుల తరబడి మంచాన పడుకోబెట్టడాలు ఇప్పుడు లేవు. నల్ల కళ్లద్దాలు పెట్టి, సాయంత్రానికల్లా ఇంటికి పంపించేశారు. చుక్కల మందు మాత్రం తప్పదు. రెండు సీసాలిచ్చారు. ఒకటి వేశాక ఐదు నిమిషాలాగి రెండోది వెయ్యాలి. వెంటవెంటనే వేస్తే మొదటి మందు కంట్లో నిలవదట. ఆ ఐదు నిమిషాలూ కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకోవాలి. మా అమ్మ జీవితంలో ఐదు నిమిషాలు ఊరికే పడుకున్న మనిషి కాదు. రెండో రోజే అంది: "ఒరేయ్, అలమార్లో కాశీమజిలీ ఉంది కదా, రెండు పేజీలు చదవరా, వింటాను."

ఇవాళ మీతో నేను చెప్పుకోవాలనుకున్నది ఆ ఐదు నిమిషాల సంగతే.

ముందు నా సంగతి చెప్పాలి. చిన్నప్పుడు పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివేవాణ్ణి. ఉద్యోగంలో చేరాక చదువు తగ్గింది. ఆ తర్వాత చదివినవన్నీ పనికొచ్చే పుస్తకాలే. డబ్బు ఎలా దాచాలి, ఆరోగ్యం ఎలా కాపాడుకోవాలి, పొద్దున్నే ఎలా లేవాలి. పెన్సిల్ పట్టుకుని గీతలు గీస్తూ చదివేవాణ్ణి. కొన్నాళ్లకు అదీ పోయింది. నా మంచం పక్కన ఓ పుస్తకం, దాని పదిహేనో పేజీలో గుర్తుగా పెట్టిన బస్సు టికెట్టు. ఆ టికెట్టు రెండేళ్లయినా పదహారో పేజీకి కదల్లేదు. చదవాలని లేక కాదు. కూర్చోగానే చెయ్యి ఫోను మీదికి పోయేది. మీలో చాలామందికి ఇది తెలిసిన బాధేనని అనుకుంటున్నాను.

అమ్మ అడిగిన ఆ పాత కథల పుస్తకం, కాశీమజిలీ కథలు, నేను కొన్నదే. హైదరాబాదులో ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ దొరికింది. మొదటి సంపుటం. వీపు అట్ట ఊడిపోతే ఎవరో గుడ్డ అంటించి కుట్టారు. అమ్మకని కొన్నాను, ఒక్కసారీ తెరవలేదు.

తెరిచి మొదలుపెడితే, ఒక్క వాక్యం సాఫీగా సాగితే ఒట్టు. పోవుచుండగా, చూచుచుండగా, అడుగుచుండగా. వాక్యం మొదలైన చోటికీ ముగిసే చోటికీ నడుమ సగం పేజీ. నేను తడబడుతున్నాను. అమ్మ మాత్రం కళ్లు మూసుకునే "ఊఁ" కొడుతోంది. నాకు అర్థం కానిది ఆవిడకి ఎలా అర్థమవుతోందా అనుకున్నాను. మూడో రోజుకి తెలిసింది. నేను కళ్లతో తడుముకుంటున్నాను, ఆవిడ చెవితో వింటోంది. ఆ వాక్యాలు అసలు అలా పైకి చదవడానికే అమరినట్టున్నాయి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే విరుగుతాయి. కంటికి కొరుకుడుపడనిది చెవికి తేలిగ్గా ఎక్కింది. నాలుగో రోజు నుంచి నేనూ నా గొంతు నేనే వింటూ చదవడం మొదలుపెట్టాను.

ఇంతకీ ఆ కథ ఎలా మొదలవుతుందో చెప్తాను. ఇది చెప్పకుండా నా ప్రసంగం ముందుకు సాగదు.

మణిసిద్ధుడని ఒక యతి. కాశీకి వెళ్లాలని ఆయన కోరిక. రైళ్లు లేవు, బస్సులు లేవు, నడకే. ఒంటరిగా అంత దూరం కుదరదు, తోడు కావాలి. ఎవరినడిగినా రామంటున్నారు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనుకునే రోజులవి మరి. చివరికి ఒక్కడు దొరికాడు. పశువుల్ని కాచుకునే కుర్రాడు, పేరు కోటప్ప. వాడికి కథలంటే ప్రాణం. వాడేమన్నాడూ? వస్తాను స్వామీ, నీ మూట మోస్తాను, నీకు కావలసిన పనులు చేస్తాను. కానీ నాకో షరతుంది. మజిలీ చేసిన ప్రతి ఊళ్లోనూ నేను ఊరు చూసొస్తాను. అక్కడ నాకు ఏ వింత కనబడినా వచ్చి నిన్నడుగుతాను. దాని కథ నువ్వు చెప్పాలి. చెప్పలేకపోయావా, నేను అక్కణ్ణించే వెనక్కి తిరుగుతాను.

చూశారా! కూలి డబ్బులడగలేదు, పుణ్యమడగలేదు. కథ అడిగాడు. ఒక మజిలీకి ఒక కథ, అదీ వాడి కూలి.

యతి ఒప్పుకున్నాడు. ఆయన దగ్గర ఒక మణి ఉంది. దాని మహిమ వల్ల జరిగిపోయిన సంగతులన్నీ ఆయనకు తెలుస్తాయి. ఇద్దరూ బయల్దేరారు. ఊరు రాగానే దిగడం, స్నానం, వంట, భోజనం. కోటప్ప ఊరంతా తిరిగి, ఏదో ఒక విడ్డూరం కళ్లారా చూసి, పరుగెత్తుకుంటూ వస్తాడు. స్వామీ, అది అక్కడ ఎందుకుంది? వాళ్లు అలా ఎందుకు చేస్తున్నారు? మణిసిద్ధుడు మణిని చూసి చెప్పడం మొదలుపెడతాడు. ఆ కథలో ఇంకో కథ, దానిలో ఇంకొకటి. రాకుమారులు, మాంత్రికులు, గంధర్వులు, శాపాలు, వేషాలు. ఇలా 12 సంపుటాలు. ఇదంతా రాసిన మధిర సుబ్బన్న దీక్షితులు గారు 1868లో పుట్టి 1928 దాకా ఉన్న మనిషి. ఇది పిల్లల పుస్తకమని ఆయన అనుకోలేదు. పెద్దవాళ్లే ఎగబడి చదివారు. మా తాతయ్య కాలంలో మా ఊళ్లో అరుగు మీద ఒకరు చదివితే పదిమంది వినేవాళ్లట. అమ్మ ఆ పదిమందిలో ఒకర్తె. అరుగు చివర, స్తంభానికి ఆనుకుని కూర్చునేదట.

ఫోన్లో ఐదు నిమిషాలకి అలారం పెట్టుకుని చదివేవాణ్ణి. అది మోగగానే ఆపుదామని ఫోను తీస్తే ఏదో సందేశం, దాని వెనక ఇంకోటి. అమ్మ కళ్లు మూసుకునే పట్టేసింది. "ఆ ఫోను హాల్లో పెట్టి రారా, గోడ గడియారం ఉందిగా." పెట్టేశాను.

రెండో వారం అనుకుంటాను. కథ మంచి పట్టులో ఉంది, గడియారం చూడటం మర్చిపోయాను. ఇరవై నిమిషాలయ్యాక అమ్మే అంది, "రెండో చుక్క వెయ్యవేంరా" అని. మందు వేసి, దీపం ఆర్పి, వెళ్లి పడుకున్నాను. నిద్ర పడితేనా! ఆ తర్వాత ఏమైంది? ఆ మనిషి గుహలోంచి బయటపడ్డాడా లేదా? ఆ తర్వాత? లేచి, పుస్తకం తీసుకుని, అమ్మకి తెలియకుండా వంటింట్లోకి వెళ్లాను. స్టవ్ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, ఒంటిగంట దాకా చదివాను. పెన్సిల్ లేదు, గీత గియ్యలేదు. అందులోంచి నేర్చుకున్నదీ ఏమీ లేదు. ఎన్నేళ్లయిందో అలా చదివి.

మర్నాడు మామూలుగా మొదటి చుక్క వేసి, పుస్తకం తీశాను. పావు పేజీ చదివానో లేదో అమ్మ నవ్వింది. "రాత్రి ముందే చదివేశావు కదూ? ఎక్కడా తడబడటం లేదు."

మాయలూ మంత్రాలూ పిల్లలకేగానీ మనకెందుకు అనేవాళ్లతో నేను ఒప్పుకోలేను. నన్ను పుస్తకానికి దూరం చేసింది, దాన్నుంచి నాకేం ఒరిగింది అన్న లెక్క. మాయకథ ఆ లెక్క అడగదు. ఏడు సముద్రాల అవతల చిలకలో ఉన్న ఫకీరు ప్రాణంతో మీకొచ్చే లాభమేంటి? ఏమీ లేదు. మిగిలేది ఒక్కటే: ఆ తర్వాత? ఆ ఒక్క మాట మనిషిని పేజీ తిప్పిస్తుంది. రెండేళ్లు నా బస్సు టికెట్టుని పదిహేనో పేజీ దాటించలేకపోయిన నన్ను, ఆ ఒక్క మాట ఒంటిగంట దాకా కూర్చోబెట్టింది.

చందమామ చదివి పెరిగినవాళ్లకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. 1947 జూలైలో మద్రాసులో మొదలైన పత్రిక అది. తోకచుక్క దగ్గర్నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారి జానపద సీరియళ్ల కోసం నెలనెలా కాచుకుని కూర్చున్నాం. ఆ సీరియళ్లకు ఆయన పేరు వేసేవారు కాదు. ఎవరు రాశారో తెలియకుండానే వాటిని ప్రేమించాం. నాకు ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

సమయం దగ్గరపడుతోంది కాబట్టి ఒక్క మాట. చదువు పోయిందని బాధపడేవాళ్లు పెద్ద పుస్తకం, గొప్ప పుస్తకం అని వెతక్కండి. మీ పదేళ్ల వయసులో మిమ్మల్ని భయపెట్టిన కథ ఏదైనా ఉంటే దాన్ని తీయండి. పైకి చదవండి. ఎవరైనా వింటే మంచిది, లేకపోతే మీరే వినండి. మొదటి మూడు రోజులూ నాలుక తిరగదు. తిరగకపోయినా ఆపకండి. ఫోను ఇంకో గదిలో పెట్టండి. గంట చదవాలని పెట్టుకోవద్దు. ఐదు నిమిషాలు. అంటే, కంట్లో ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య పట్టే సమయం. కథ మంచి పట్టులో ఉన్నప్పుడే ఆపండి. మణిసిద్ధుడు చేసిన పనీ అదే. కథని మజిలీలుగా విరిచాడు కాబట్టే కోటప్ప అంత దూరం నడిచాడు.

అమ్మ కన్ను బాగైంది. కొత్త అద్దాలొచ్చాయి, సన్నక్షరాలు కూడా చదువుతోంది. మందు సీసాలు ఎప్పుడో పారేశాం. అయినా రాత్రి ఎనిమిదిన్నరయ్యేసరికి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుంటుంది. "ఊఁ, కోటప్ప ఏ ఊళ్లో ఉన్నాడు?" అంటుంది.

మూడో సంపుటం నడుస్తోంది. ఎనిమిదిన్నరలోగా ఇల్లు చేరాలి. సెలవు. నమస్కారం.