మనవాడే కదా అనుకుంటే: లూయివిల్ అభిమానుల రెండేళ్ల మంట

లెనోయిర్-రైన్. ఈ పేరు మీరు విని ఉండరు, వినకపోయినా తప్పేం లేదు. నార్త్ కరోలినాలో ఒక చిన్న యూనివర్సిటీ, డివిజన్ టూ టీమ్, అంటే కాలేజీ ఆటల్లో రెండో మెట్టు. 2022లో సీజన్ మొదలయ్యే ముందు ఆడే ఎగ్జిబిషన్ మ్యాచ్‌కి లూయివిల్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్ వీళ్లని పిలిచింది. ఇలాంటి మ్యాచ్‌లకి చిన్న టీమ్‌నే పిలుస్తారు. మన కుర్రాళ్లకి కాస్త ఒళ్లు కదలాలి, జనానికి కొత్త టీమ్‌ని చూపించాలి, అంతే. కొత్త కోచ్ కెనీ పేన్ వచ్చిన ఏడాది అది. ఆ మ్యాచ్ లూయివిల్ ఓడిపోయింది. సొంత ఊళ్లో.

సర్లే, ఎగ్జిబిషనే కదా, లెక్కలోకి రాదుగా అని సర్దుకున్నారు. తర్వాత అసలు సీజన్ మొదలైంది. బెల్లార్మిన్ చేతిలో 67-66. రైట్ స్టేట్ చేతిలో 73-72. అపలాచియన్ స్టేట్ చేతిలో 61-60. వరసగా మూడు ఓటములు, మూడూ ఒక్క పాయింట్ తేడాతో. ఈ బెల్లార్మిన్ ఎవరో తెలుసా? అదే ఊళ్లో ఉన్న చిన్న కాలేజీ. పై మెట్టు డివిజన్ వన్‌లోకి అడుగుపెట్టిందే 2020లో. అక్కణ్నుంచి హవాయి వెళ్లి మావీ టోర్నమెంట్‌లో మూడు ఆడితే మూడూ పోయాయి. టెక్సస్ టెక్ మీద స్కోరు 70-38. కాలేజీ మ్యాచ్ నలభై నిమిషాలు ఉంటుందండీ. నలభై నిమిషాల్లో 38 పాయింట్లు, నిమిషానికి ఒకటి కూడా పడలేదు. మొదటి గెలుపు కోసం డిసెంబర్ 14 దాకా ఆగాల్సొచ్చింది. అప్పటికి తొమ్మిది ఓటములు.

ఏంటి, ఓ కాలేజీ టీమ్ ఓడిపోతే ఇంత గోల దేనికి అంటారేమో. లూయివిల్ అంటే కెంటకీ రాష్ట్రంలో పెద్ద ఊరు, మహమ్మద్ అలీ పుట్టిన ఊరు. అక్కడ ఎన్‌బీఏ (ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్) టీమ్ లేదు, ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్) టీమ్ లేదు. ఊరికి ఉన్నది ఈ కాలేజీ టీమే. ఊరి నడిబొడ్డున కేఎఫ్‌సీ యమ్ సెంటర్ అని ఇరవై రెండు వేల సీట్ల అరీనా ఉంది. కాలేజీ పిల్లల ఆటకి ఇరవై రెండు వేల సీట్లు! అమెరికాలో ఎంఎస్ చేసినవాళ్లకి ఈ పిచ్చి అర్థమవుతుంది, మిగతావాళ్లు నా మాట నమ్మాల్సిందే. డెనీ క్రమ్ అనే కోచ్ అక్కడ 1971 నుంచి 2001 దాకా ముప్పై ఏళ్లు పనిచేసి 1980లో, 1986లో ఛాంపియన్‌షిప్ తెచ్చాడు. రిక్ పిటినో 2013లో ఇంకోటి తెచ్చాడు గానీ, రిక్రూట్‌మెంట్ కుంభకోణంలో దాన్ని 2018లో ఎన్‌సీఏఏ, అంటే కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ, రికార్డుల్లోంచి కొట్టేసింది. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల వాసన అన్నట్టు తయారైంది పరిస్థితి. పిటినో వెళ్లిపోయాడు, తర్వాత వచ్చిన క్రిస్ మ్యాక్ 2022 జనవరిలో సీజన్ మధ్యలోనే 48 లక్షల డాలర్లు తీసుకుని వెళ్లిపోయాడు.

అలాంటి టైమ్‌లో హెడ్ కోచ్‌గా కెనీ పేన్ వచ్చాడు. 1986 ఛాంపియన్ టీమ్‌లో ఫ్రెష్‌మన్‌గా, అంటే మొదటి ఏడాది కుర్రాడిగా, ఆడినవాడు. అంటే ఇంటి మనిషి. పైగా పక్క ఊరి శత్రువు కెంటకీ యూనివర్సిటీలో, కోచ్ జాన్ క్యాలిపారీ దగ్గర పదేళ్లు అసిస్టెంట్. ఆంథనీ డేవిస్, కార్ల్-ఆంథనీ టౌన్స్ లాంటి పొడుగు కుర్రాళ్లని తీర్చిదిద్దిన పేరుంది. తర్వాత ఎన్‌బీఏ టీమ్ న్యూయార్క్ నిక్స్‌లో కూడా చేశాడు. పాత ఆటగాళ్లందరూ ఈయన్నే తీసుకురమ్మన్నారు. ప్రెస్ మీట్ అయితే పెళ్లి ఇల్లే. ఆరేళ్ల కాంట్రాక్ట్, మొత్తం రెండు కోట్ల డాలర్ల పైనే. ఆ సంబరంలో ఒక్క విషయం ఎవరూ గట్టిగా అడగలేదు: ఈయన ఎక్కడైనా, ఎప్పుడైనా, హెడ్ కోచ్‌గా చేశాడా? చెయ్యలేదు.

నా గొడవంతా ఇక్కడే. అసిస్టెంట్ పని వేరు, హెడ్ కోచ్ పని వేరు. అసిస్టెంట్ ఒక కుర్రాణ్ని పక్కకి తీసుకెళ్లి ఫుట్‌వర్క్ నేర్పిస్తాడు, వాళ్ల అమ్మతో ఫోన్లో మాట్లాడతాడు, కుంగిపోతే భుజం తడతాడు. ఇందులో పేన్ నిజంగా దిట్ట, ఎవరూ కాదనరు. హెడ్ కోచ్ మాత్రం ఎవరిని తీసుకోవాలో, ఎవరు ఎన్ని నిమిషాలు ఆడాలో, టైమ్‌అవుట్ ఎప్పుడు అడగాలో, అవతలివాడు జోన్ డిఫెన్స్‌కి మారితే ఏం చెయ్యాలో అన్నీ తేల్చాలి. మన క్రికెట్‌లో సెలెక్టర్లు వేరు, కోచ్ వేరు. టీమ్ ఓడితే కోచ్ అన్నా తప్పించుకోవచ్చు, "నాకిచ్చిన టీమే ఇది" అని. అమెరికన్ కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఆ వీలు లేదు. సెలెక్టరూ ఆయనే, కోచూ ఆయనే. అందుకే అభిమానుల కోపం సూటిగా ఆ ఒక్క కుర్చీ మీదే పడుతుంది. అది అన్యాయమని నేను అనుకోను.

మొదటి ఏడాది టీమ్‌నే చూడండి. ఎల్ ఎల్లిస్ తప్ప బంతిని నమ్మకంగా ముందుకు తెచ్చే గార్డ్ ఇంకొకడు లేడు. పాపం ఆ కుర్రాడు బంతి తేవాలి, పాస్ ఇవ్వాలి, షాట్ కొట్టాలి, మళ్లీ వెనక్కి పరిగెత్తి డిఫెన్స్ చెయ్యాలి. అవతలి కోచ్‌కి పనేముంది, ఎల్లిస్ మీదకి ఇద్దర్ని పంపితే సరిపోయె. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలో, గార్డులు దొరకరా? వందల్లో ఉంటారు. 2021 నుంచి ఒకసారి కాలేజీ మారితే ఏడాది ఆడకుండా కూర్చోవాల్సిన అవసరం కూడా లేదు. పెద్ద జీతం తీసుకునే కోచ్ ఆ ఎండాకాలం రెండో గార్డ్‌ని తెచ్చుకోలేదు. ఓటములకి ఇదే మొదటి కారణమని నా లెక్క. ఆ సీజన్ 4 గెలుపులు, 28 ఓటములు. లూయివిల్ చరిత్రలో ఒక్క సీజన్‌లో అన్ని ఓటములు ఎప్పుడూ లేవు.

పేన్ వైపు మాట కూడా చెప్పాలి. ఆయన వచ్చేనాటికి ఎన్‌సీఏఏ విచారణ నెత్తిమీద వేలాడుతోంది. పోస్ట్‌సీజన్ (సీజన్ చివరి టోర్నమెంట్‌ల) నిషేధం పడుతుందేమోనని పిల్లలు సంతకం పెట్టడానికి జంకారు. ఆ నిషేధం పడదని తేలింది 2022 నవంబర్‌లో, అంటే సీజన్ గుమ్మం ముందు. అందుకే మొదటి ఏడాదికి చాలామంది అభిమానులు పళ్లు బిగబట్టి ఊరుకున్నారు. రెండో ఏడాదికి కూడా ఒక మంచి రిక్రూట్ సీజన్ మొదలవకముందే ఆస్ట్రేలియా లీగ్‌కి వెళ్లిపోయాడు. దురదృష్టమే, కాదనను.

కానీ దురదృష్టం ఎంతవరకు? రెండో ఏడాది ఎగ్జిబిషన్‌లో మళ్లీ ఒక డివిజన్ టూ టీమ్ చేతిలోనే ఓడారు, ఈసారి కెంటకీ వెస్లియన్. డిసెంబర్‌లో డీపాల్ చేతిలో 75-68. డీపాల్ ఆ ఏడాది మొత్తమ్మీద గెలిచింది మూడే మూడు మ్యాచ్‌లు, అందులో ఒకటి మనవాళ్లిచ్చిన దానం. నాలుగు రోజుల తర్వాత సొంత అరీనాలో ఆర్కన్సా స్టేట్ చేతిలో ఓటమి. అదే వారంలో ఒక ఆటగాడు టీమ్ వదిలి వెళ్తున్నాడని యూనివర్సిటీ ప్రకటిస్తే, నేనేం వెళ్లట్లేదని ఆ కుర్రాడే సోషల్ మీడియాలో చెప్పుకున్నాడు. చూసేవాళ్లకి ఏమనిపిస్తుంది? ఆఖరి నిమిషంలో షాట్ తప్పితే అభిమాని బాధపడతాడు, మర్నాడు మర్చిపోతాడు. ఇల్లు నడిపేవాడు లేడని అర్థమైనప్పుడే టికెట్ కొనడం మానేస్తాడు. ఇరవై రెండు వేల సీట్ల అరీనాలో టీవీ కెమెరా ఎటు తిరిగినా ఖాళీ కుర్చీలే కనిపించేవి.

మధ్యలో 2024 జనవరిలో మయామీని వాళ్ల ఊళ్లోనే 80-71తో ఓడించారు. మయామీ అంతకుముందు ఏడాదే ఫైనల్ ఫోర్, అంటే జాతీయ టోర్నమెంట్‌లో సెమీఫైనల్, ఆడిన టీమ్. నాకైతే ఆ గెలుపు చూశాక కోపం ఇంకా పెరిగింది. అంటే కుర్రాళ్లలో సత్తా ఉందన్నమాట! మరి మిగతా రోజుల్లో ఏమైంది?

ఆఖరి మ్యాచ్ ఏసీసీ (లూయివిల్ ఆడే లీగ్) టోర్నమెంట్‌లో నార్త్ కరోలినా స్టేట్ మీద, 94-85తో ఓటమి. మర్నాడు, మార్చి 13న, పేన్‌ని తీసేశారు. రెండేళ్లలో 12 గెలుపులు, 52 ఓటములు. ఇంటికి పంపడానికి ఇంకో 80 లక్షల డాలర్లు. ఇక్కడొక చిత్రం ఉంది. లూయివిల్‌తో మొదలుపెట్టిన నార్త్ కరోలినా స్టేట్ ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలిచి టోర్నమెంట్ ఎత్తుకుపోయింది, అక్కణ్నుంచి ఫైనల్ ఫోర్ దాకా వెళ్లింది. ఆ కోచ్ కెవిన్ కీట్స్ ఒకప్పుడు ఇదే లూయివిల్‌లో పిటినో దగ్గర అసిస్టెంట్. అంత చేసినా ఏడాది తిరగ్గానే, టీమ్ 12-19తో ముగించేసరికి ఆయన్నీ పంపించేశారు. ఈ ఉద్యోగం ఇలాంటిది.

పేన్ తర్వాత వచ్చింది ప్యాట్ కెల్సీ, చార్ల్‌స్టన్ నుంచి. లూయివిల్‌తో ఏ చుట్టరికం లేదు, ఊరేగింపు లేదు. ఆయన దగ్గర ఉన్నదల్లా హెడ్ కోచ్‌గా పన్నెండేళ్ల అనుభవం. వచ్చీరాగానే పోర్టల్ మీద పడ్డాడు. విస్కాన్సిన్ నుంచి చకీ హెప్‌బర్న్ అనే గార్డ్‌ని తెచ్చాడు. గమనించండి, గార్డ్! ఆ కుర్రాడు ఆ ఏడాది ఏసీసీలోనే బెస్ట్ డిఫెండర్ అయ్యాడు. జేమ్స్ మాడిసన్ నుంచి టెరెన్స్ ఎడ్వర్డ్స్‌ని, చార్ల్‌స్టన్ నుంచి తనతోపాటే ఆస్ట్రేలియా షూటర్ రేన్ స్మిత్‌ని తెచ్చాడు. అదే ఊరు, అదే అరీనా, అదే జెర్సీ. పేన్ రెండేళ్లలో ఏసీసీ లీగ్ మ్యాచ్‌లు ఐదు గెలిస్తే, కెల్సీ మొదటి ఏడాదే పద్దెనిమిది గెలిచాడు, ఓడింది రెండే. మొత్తం 27-8.

కాబట్టి కోచ్‌కి ఇంకా టైమ్ ఇవ్వాల్సింది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. టైమ్ ఇవ్వాలనేది నాలుగేళ్లు ఒకే కుర్రాణ్ని పెంచే రోజుల మాట. ఇప్పుడు ఒక్క ఎండాకాలంలో టీమ్ మొత్తం మారిపోతుంది. అలాగని తప్పంతా పేన్ నెత్తిన రుద్దను. హెడ్ కోచ్ అనుభవం లేని మనిషిని, 1986 ఫోటో చూసి మురిసిపోయి, ఆ కుర్చీలో కూర్చోబెట్టిందెవరు? చెక్కు రాసిందెవరు? అక్కడి అభిమానుల తిట్లలో యూనివర్సిటీ పెద్దల వాటా నాకు చాలా తక్కువగా కనిపించింది.

ఇంతకీ పేన్ ఏమయ్యాడంటారా? క్యాలిపారీ ఆర్కన్సా యూనివర్సిటీకి మారితే ఆయనతోపాటే మళ్లీ అసిస్టెంట్‌గా చేరిపోయాడు. 2025 మార్చిలో జాతీయ టోర్నమెంట్‌కి ఆర్కన్సా పదో సీడ్‌గా వచ్చి, పిటినో కోచింగ్ చేస్తున్న సెయింట్ జాన్స్‌ని ఇంటికి పంపి స్వీట్ సిక్స్‌టీన్‌కి, అంటే ఆఖరి పదహారు టీమ్‌లలోకి, వెళ్లింది. ఆర్కన్సా బెంచ్ మీద, తనకి బాగా వచ్చిన పని చేస్తూ కెనీ పేన్ ఉన్నాడు. కెల్సీ లూయివిల్ మాత్రం ఆ ఏడాది మొదటి రౌండ్‌లోనే క్రైటన్ చేతిలో 89-75తో ఓడింది. అదీ ఎక్కడ? కెంటకీ వాళ్ల రప్ అరీనాలో.