కండెలు చుట్టిన చేయి

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, ఇంత ముసురులోనూ గొడుగులేసుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారమండి. చేనేత దినోత్సవం గురించి మాట్లాడమన్నారు. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాల్లో స్వదేశీ ఉద్యమానికి పిలుపునిచ్చారు. ఆ గుర్తుగా 2015 నుంచి ఈ రోజును జరుపుకుంటున్నాం. మిగతా చరిత్ర నా తర్వాత మాట్లాడేవారు చెబుతారు. నేను పోయిన నెల చూసొచ్చిన ఒక నేత కేంద్రం సంగతి చెప్పుకోవాలి. చూసొచ్చిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు.

మన కోనసీమలోనేనండి, ఊరి పేరు ఎందుకులెండి. మనవరాలిని తీసుకెళ్లాను. గుంట మగ్గం మీద ఒకాయన నేస్తున్నాడు. అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పరుగెడుతుంటే పిల్ల కళ్లార్పకుండా చూసింది. ఆయన పనితనానికి దండం పెట్టాలి. గోడ మీద మగ్గం భాగాలన్నీ బొమ్మ గీసి పేర్లు రాశారు. పక్క గదిలో చీరలు, లేసు అల్లికలు. అంతా బాగుంది, నాడెలో పెట్టడానికి దారాన్ని కండెలుగా చుట్టే రాట్నం మాత్రం లేదు. "బాబూ, ఈ కండెలు ఎవరు చుట్టారు?" అని అడిగాను. పోగు మీంచి చూపు తిప్పకుండానే "ఇంట్లో వాళ్లండి" అన్నాడు.

ఆయన తప్పు కాదండి. బండారులంకలో మా నాన్న కూడా అదే మాట అనేవాడు.

ఆ ఇంట్లో మనిషి మా అమ్మ. తెల్లారకముందే లేచి గంజి కాచేది. చిలపను, అంటే నూలు చుట్టను, పరివట్టమనే తిరిగే చట్రానికి తొడిగి, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి పోగు వదిలేది. కండె వదులైతే నాడెలో దారం జారి చిక్కుపడుతుంది. మరీ బిగిస్తే తెగుతుంది. ఆ బిగువు ఎంతో ఆమె వేలికే తెలుసు. ఆ చూపుడువేలి మీద పోగు కోసిన గీత ఉండేది. నాన్న నేసేది పగలు, అమ్మ చుట్టేది పగలూ రాత్రీ. వానాకాలం మగ్గం గుంటలో ఊట ఊరేది. మన లంక నేలల సంగతి మీకు తెలుసు. అప్పుడు మగ్గం ఆగేది, నాన్న పనీ ఆగేది. అమ్మ చెంబుతో నీళ్లు తోడేది.

వెనక కుర్చీల్లో ఉన్న అమ్మలూ, మీలో ఎవరి వేలికైనా ఆ గీత ఉంటే చేయెత్తండి. సిగ్గు పడకండమ్మా. చూశారా అధ్యక్షులవారూ, ఎన్ని చేతులో!

1996 నవంబరు 6 తుపాను రాత్రి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొబ్బరి చెట్లు విరిగి పడుతున్నాయి, మా ఇంటి పెంకులు లేచిపోయాయి. షావుకారు నూలుతో ఆసు పోసి, అంటే నిలువు పోగులు బారుగా అమర్చి, ఉంచిన కొత్త పడుగు ఇంట్లో ఉంది. అది తడిస్తే బాకీ మా మీద పడుతుంది. అమ్మ దాన్ని యూరియా సంచుల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, తెల్లవార్లూ మంచం కింద ముడుచుకుని కూర్చుంది. నాలుగో రోజున షావుకారు మనిషి వచ్చి పడుగు విప్పి చూసి, "మీ ఆయన గట్టివాడమ్మా, సరుకు కాపాడాడు" అని వెళ్లిపోయాడు. నాన్న అక్కడే ఉన్నాడు. ఒక్క మాట అనలేదు. అమ్మా అనలేదు. ఎండొచ్చింది కదా అని చిలపలు ఆరేసుకుంది.

నాకిప్పటికీ కడుపు మండుతుందండి.

నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీ బట్టల కోఠీ, అంటే వ్యాపార స్థావరం, పెట్టింది. ఆ ఊరి పేరే మడపొల్లం అనే బట్ట పేరై విదేశాలకు వెళ్లింది. ఆ బట్టకు నూలు వడికిన ఆడవాళ్ల పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం! నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఆ కొక్కేలు పట్టుకున్న చేతులూ ఆడవాళ్లవే. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు కార్మికులు తేలితే, నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లు. మనం మాత్రం సభ పెట్టిన ప్రతిసారీ "నేతన్న" అంటాం. ఇవాళ మన బ్యానరు మీదా అదే ఉంది.

సమయమైపోయిందని చీటీ ఇచ్చారు. ఒక్క మాట చెప్పి దిగిపోతాను. మా అమ్మ రాట్నం నా దగ్గరే ఉంది, పరివట్టంతో సహా. ఆ కేంద్రానికి ఇచ్చేస్తానని చెప్పొచ్చాను, సరేనన్నారు. మగ్గం పక్కనే పెడతారట. కానీ పిల్లలకు చుట్టి చూపించే మనిషి కావాలి, ఊరికే కాదు, కూలి ఇచ్చి. ఆరు నెలల కూలి నేను భరిస్తాను. ఇందాక చేతులెత్తిన అమ్మలూ, సభ అయ్యాక వెళ్లిపోకండి. పుస్తకం పట్టుకుని ఆ గుమ్మం దగ్గరే కూర్చుంటాను, మీ పేరు చెప్పండి, ఇంటి పేరుతో సహా రాసుకుంటాను.