ఆ పురుగులకు సూర్యుడితో పని లేదని ఎవరన్నారు?

నమస్తే. ఈమధ్య సముద్రం అడుగున ఉండే వేడినీటి బుగ్గల మీద వరసపెట్టి రీల్స్ వస్తున్నాయి. నల్లటి పొగ, పక్కన ఎర్రటి పురుగులు, వెనక దెయ్యం సినిమా మ్యూజిక్. పైన పెద్ద అక్షరాల్లో రెండు ముక్కలు: "400 డిగ్రీల నీళ్లలో బతికే జీవులు", "సూర్యుడితో పని లేని లోకం". మొదటిది తప్పు. రెండోది సగం తప్పు. నాకు ఈ రెండోదే ఎక్కువ చిరాకు, ఎందుకంటే మిగతా సగం నిజం కాబట్టి అందరూ నమ్మేస్తారు.

"హైదరాబాద్‌లో కూర్చుని నీకు సముద్రం గొడవెందుకు" అని కింద కామెంట్ పెట్టబోయే వాళ్లకి ఒక మాట. దేశం మొత్తానికి సునామీ హెచ్చరికలు వెళ్లేది మన ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచే. సముద్రం లేకపోతే ఏం, దాని ఆఫీసు మన దగ్గరుంది.

భూమి లోపల వేడి, పలకలు విడిపోవడం, లావా... ఇవన్నీ స్కూల్లో చదివినవే, వదిలేద్దాం. నేరుగా 1977 ఫిబ్రవరికి వెళ్దాం.

(తెర మీద: గలాపగోస్ మ్యాప్)

పసిఫిక్‌లో గలాపగోస్ దీవుల దగ్గర, రెండున్నర కిలోమీటర్ల లోతు. ఓడ మీంచి ఒక కెమెరా బండిని కేబుల్‌కి కట్టి, అడుగుకి కాస్త పైన లాగుతూ పోతున్నారు. పది సెకన్లకో ఫొటో. ఒకచోట నీళ్ల ఉష్ణోగ్రత కాసేపు పెరిగి మళ్లీ పడిపోయింది. ఫిల్మ్ కడిగి చూస్తే దాదాపు 3,000 ఫొటోలు. అన్నిట్లోనూ గడ్డకట్టిన లావా, అంతే. ఆ వేడి తగిలిన చోట తీసిన 13 ఫొటోల్లో మాత్రం తెల్లటి ఆల్చిప్పలు గుట్టలుగా పడి ఉన్నాయి. తర్వాత ముగ్గురు పట్టే ఆల్విన్ అనే చిన్న సబ్‌మెరీన్‌లో దిగి చూశారు. చీకట్లో, ఎడారి అనుకున్న చోట సంత!

ఈ కథలో నాకు బాగా నచ్చే ముక్క వేరే ఉంది. ఆ ఓడలో జీవశాస్త్రం తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ రాళ్లూ రసాయనాలూ చదివినవాళ్లే. దొరికిన జీవుల్ని పాడవకుండా దాచడానికి సరిపడా మందు లేక, పనామాలో కొనుక్కున్న రష్యన్ వోడ్కాలో ఊరేశారు. తెచ్చిన నీళ్ల సీసా మూత తీస్తే కుళ్లిన కోడిగుడ్ల కంపు. ఆ కంపు గుర్తుపెట్టుకోండి, అసలు విషయం అంతా దాంట్లోనే ఉంది.

ఇప్పుడు 400 డిగ్రీల సంగతి. 1977లో చూసిన బుగ్గల దగ్గర నీళ్లు గోరువెచ్చన, అంతే. పొగ కక్కే చిమ్నీలు కనిపించింది 1979లో, మెక్సికో పక్కన. వాటిలో థర్మామీటరు పెడితే దాని కొన కరిగిపోయింది. గట్టిది తెచ్చి మళ్లీ కొలిస్తే 350 డిగ్రీల ప్రాంతంలో వచ్చింది. అంత వేడిలో కూడా నీరు ఆవిరైపోదు. పైన రెండున్నర కిలోమీటర్ల నీళ్ల బరువుంది, ఇక్కడితో పోలిస్తే 250 రెట్ల ఒత్తిడి. ఇక ఆ పొగ, పొగే కాదు. వేడినీళ్లలో కరిగి వచ్చిన ఇనుము, రాగి, జింకు, 2 డిగ్రీల సముద్రపు నీళ్లు తగలగానే సల్ఫైడ్ రేణువులై రాలుతుంటే మనకి నల్లగా కనిపిస్తుంది.

ఆ 350లో ఏం బతుకుతుంది? ఏదీ బతకదు. ల్యాబ్‌లో పెంచి చూపించిన రికార్డు 122 డిగ్రీలు, 2008లో. అది కూడా కంటికి కనిపించని సూక్ష్మజీవి, పేరు మీథనోపైరస్. రీల్స్‌లో ఊగే ఎర్రటి పురుగులు ఉండేది చిమ్నీ లోపల కాదండీ, దాని చుట్టూ పగుళ్లలోంచి ఊరే గోరువెచ్చని నీళ్లలో. కొన్ని సెంటీమీటర్ల తేడాలో 350 కాస్తా 2కి పడిపోతుంది. బతుకంతా ఆ సందులోనే.

సందులోనే ఎందుకు? దీనికి మన ఇరానీ హోటల్ కౌంటర్ దగ్గరికి రావాలి.

(తెర మీద: చాయ్ పోస్తున్న క్లిప్)

చూడండి. ఒక గిన్నెలో డికాషన్, మూత బిగించి దమ్ మీద. ఇంకో గిన్నెలో పాలు, చిక్కబడుతూ. పొద్దుట్నుంచీ పక్కపక్కనే ఉంటాయి, కలవవు. మీరు టోకెన్ ఇచ్చాక కప్పులో డికాషన్ కొంచెం పడుతుంది, దాని మీద పాలు. చాయ్ పుట్టేది ఆ కప్పులో.

సముద్రం అడుగున డికాషన్ అంటే ఆ వేడినీళ్లు. సముద్రపు నీరే పగుళ్లలోంచి కిందికి దిగి, రాతి వేడికి కాగి, హైడ్రోజన్ సల్ఫైడ్ నింపుకుని పైకొస్తుంది. కోడిగుడ్ల కంపు దీనిదే. పాలు అంటే చుట్టూ ఉన్న చల్లటి నీళ్లు, వాటిలో కరిగిన ఆక్సిజన్. సల్ఫైడ్ ఒక్కటే ఉంటే తిండి కాదు. ఆక్సిజన్ ఒక్కటే ఉన్నా కాదు. రెండూ కలిసినప్పుడు శక్తి పుడుతుంది, ఆ శక్తితో బ్యాక్టీరియా కార్బన్ డయాక్సైడ్‌ని తిండిగా మార్చుకుంటుంది. మొక్క ఎండతో చేసే పని ఇది రసాయనంతో చేస్తుంది. పైగా సల్ఫైడ్, ఆక్సిజన్ ఎక్కువసేపు కలిసి ఉంటే వాటంతటవే మాడిపోతాయి, బ్యాక్టీరియాకి ఏమీ మిగలదు. అందుకే పోస్తుండగానే పట్టుకోవాలి. ఎవరికీ గిన్నె దగ్గర పని లేదు, అందరికీ కావలసింది ధార దగ్గర చోటు.

ఇప్పుడు ఆ పురుగుని దగ్గరగా చూద్దాం. రిఫ్టియా. తెల్లటి గొట్టం, మనిషికంటే పొడుగు పెరగగలదు. కొసన ఎర్రటి కుచ్చు, ఆ ఎరుపు రక్తానిదే. ఏదైనా పీత దగ్గరికొస్తే కుచ్చు చటుక్కున గొట్టంలోకి వెళ్లిపోతుంది. నోరు లేదు. పేగు లేదు. లోపల స్పాంజిలా మెత్తగా ఒక అవయవం, అంతే. మొదట్లో ఎవరికీ అంతుపట్టలేదు, ఇది ఏం తింటుంది, ఎలా తింటుంది?

1980లో హార్వర్డ్‌లో ఒక లెక్చర్. అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియం నుంచి వచ్చిన మెరెడిత్ జోన్స్ మాట్లాడుతూ, ఆ స్పాంజిలో గంధకం స్ఫటికాలు కనబడ్డాయని అన్నారు. సల్ఫైడ్‌లో ఉండేది గంధకమే. వింటున్న కొలీన్ కావనా, అప్పటికి చదువుకుంటున్న అమ్మాయి, లేచి నిలబడి "అయితే లోపల సల్ఫైడ్ తినే బ్యాక్టీరియా ఉండి తీరాలి" అంది. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. శాంపిల్ తీసుకుని ఆమె పరీక్షించింది, 1981లో పేపర్ వచ్చింది. లెక్చర్లలో చేతులెత్తడానికి సిగ్గుపడే స్టూడెంట్స్ ఎవరైనా చూస్తుంటే, ఇది మీకే.

మనకి సల్ఫైడ్ విషం. మ్యాన్‌హోల్‌లో దిగిన కార్మికుల ప్రాణం తీసేది తరచుగా ఈ వాయువే. రిఫ్టియా రక్తంలోని హిమోగ్లోబిన్ మాత్రం ఆక్సిజన్‌ని ఒకచోట, సల్ఫైడ్‌ని ఇంకోచోట పట్టుకుని మోస్తుంది. ఒక చేతిలో డికాషన్, ఇంకో చేతిలో పాలు, చుక్క కూడా కలవనివ్వకుండా లోపలి టేబుల్ దాకా తీసుకెళ్లే వెయిటర్ అన్నమాట. కలపడం బ్యాక్టీరియా పని. వండింది వాళ్లే, పురుగుకి పెట్టేదీ వాళ్లే. ఆ తిండితో కొత్త బుగ్గ దగ్గర గొట్టం ఏడాదికి 85 సెంటీమీటర్లు దాటి పెరగడం చూశారు!

సరే, ఇప్పుడు నా అసలు గొడవ. పాలు ఎక్కడివి?

ఆక్సిజన్ రాతిలోంచి రాలేదు. సముద్రం పైన ఎండలో నాచు, సూక్ష్మమైన మొక్కలు వదిలింది అది. ధ్రువాల దగ్గర చల్లబడి బరువెక్కిన నీళ్లు దాన్ని మోసుకుంటూ అడుగుకి దిగి, వందల ఏళ్లు నడిచి ఆ చిమ్నీ దాకా వస్తాయి. అంటే రీల్‌లో "సూర్యుడితో పని లేదు" అని చూపించే ఆ ఎర్ర పురుగు పీల్చే ప్రతి ఆక్సిజన్ చుక్క వెనకా ఎండ ఉంది. గేదె కనిపించలేదు కాబట్టి పాలు హోటల్ గోడలోంచి వచ్చాయనుకుంటే ఎలా?

నిజంగా ఎండతో పని లేనివాళ్లూ ఉన్నారు. వాళ్లు సులేమానీ బ్యాచ్. పాలు అక్కర్లేదు. బుగ్గలోంచి వచ్చే హైడ్రోజన్‌ని, కార్బన్ డయాక్సైడ్‌ని కలిపి మీథేన్ చేసుకుంటూ బతికేస్తారు. ఇందాక చెప్పిన 122 డిగ్రీల మీథనోపైరస్ ఈ బ్యాచే. కంటికి కనిపించరు, ఊగే కుచ్చులు ఉండవు, అందుకే ఎవరూ రీల్ చెయ్యరు. నన్నడిగితే అసలు హీరోలు వీళ్లే.

అయ్యో, టైమ్ చూసుకోలేదు. మిగతావి చకచకా.

లాస్ట్ సిటీ: 2000లో అట్లాంటిక్‌లో దొరికిన బుగ్గల గుంపు. నల్లపొగ లేదు, తెల్లటి సున్నపు గోపురాలు, ఒకటి 60 మీటర్ల ఎత్తు. నీళ్లు 40 నుంచి 90 డిగ్రీలు. అక్కడ రాయికీ నీటికీ జరిగే రసాయన చర్యే హైడ్రోజన్ వదులుతుంది, కింద లావా మరుగుతూ ఉండక్కర్లేదు. జీవం మొదలైంది ఇలాంటి చోటే అని ఒక వర్గం గట్టిగా వాదిస్తుంది. నాకూ అటే మొగ్గు, కానీ రుజువు కాలేదు, కామెంట్స్‌లో కొట్టుకోకండి.

ఎన్సెలాడస్: శని గ్రహపు చందమామ. మంచు పగుళ్లలోంచి ఎగజిమ్మే ఆవిరిలోంచి కాసినీ అంతరిక్ష నౌక 2015లో దూసుకెళ్లింది, అందులో హైడ్రోజన్ ఉందని 2017లో ప్రకటించారు. అక్కడ జీవం ఉందని ఎవరూ అనలేదు. సులేమానీకి సరుకు ఉందన్నారు, అంతే.

నేల మీద: అమెరికా యెల్లోస్టోన్ బుగ్గల్లో థామస్ బ్రాక్ 1966లో సేకరించిన బ్యాక్టీరియా థర్మస్ అక్వాటికస్. దాని ఎంజైమ్ వేడికి చెడదు, అందుకే డీఎన్ఏని మళ్లీ మళ్లీ వేడి చేస్తూ కాపీలు తీసే పీసీఆర్ పరీక్ష నడుస్తోంది. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకున్న ప్రతివాళ్లూ, హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో టెస్టులు చేసినవాళ్లతో సహా, ఆ పీసీఆర్ పద్ధతికి బాకీ. ఇంకోటి, వేడినీళ్లంటే అగ్నిపర్వతమే అక్కర్లేదు. మణుగూరు దగ్గర పగిడేరులో బోరులోంచి వేడినీళ్లు వాటంతటవే పైకి వస్తాయి, సింగరేణివాళ్లు వాటితో 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు పెట్టారు. కావాలంటే దాని మీద వేరే వీడియో.

చివరిది. 2024 డిసెంబరులో మన శాస్త్రవేత్తలు హిందూ మహాసముద్రంలో 4,500 మీటర్ల లోతున పొగ కక్కుతున్న బుగ్గని ఫొటో తీశారు. అంతకుముందే, 2016లో, ఆ మహాసముద్రంలో 10,000 చదరపు కిలోమీటర్ల మేర సల్ఫైడ్ ఖనిజాలు వెతకడానికి మన దేశం ఒప్పందం చేసుకుంది. ఇదే మహాసముద్రపు బుగ్గల దగ్గర కాలికి ఇనుప సల్ఫైడ్ పొలుసులు కట్టుకుని తిరిగే నత్త ఒకటుంది. లోతు సముద్రపు తవ్వకాల ముప్పు వల్లే 2019లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చారు, ఆ కారణంతో జాబితాకెక్కిన మొదటి జీవి అదే. ఆ సల్ఫైడ్ ఖనిజాల్లో ఉండే రాగి వద్దని నేననను, ఈ కెమెరాలో కూడా రాగి ఉంది. చల్లారిపోయిన చిమ్నీని తవ్వడం వేరు, పొగ వస్తున్నదాన్ని తవ్వడం వేరు. ఈ రెండిటికీ వేర్వేరు రూల్స్ ఉండాలి, తవ్వకం మొదలవ్వకముందే ఉండాలి.