నాలుగు స్వరాల మీద బాలమురళి

శ్రోతలకు నమస్కారం.

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి పేరెత్తితే చాలు, బెజవాడలో ఎవరికైనా చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఆయన పుట్టింది మాత్రం కోనసీమలో. ఊరు శంకరగుప్తం, తేదీ 1930 జూలై 6. తల్లి సూర్యకాంతమ్మగారు వీణ వాయించేవారు. బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే పోయారు. తండ్రి పట్టాభిరామయ్యగారు పిల్లవాణ్ణి బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి అప్పజెప్పారు. పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. శాస్త్రిగారి గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన సాక్షాత్తూ త్యాగరాజస్వామి శిష్యుడు. త్యాగయ్యతో కలిపి వేళ్లు ముడిస్తే బాలమురళి ఐదోవారు.

ఎనిమిదో ఏట ఈ బెజవాడలోనే, త్యాగరాజ ఆరాధనలో, పూర్తి కచేరీ చేశారు. పేరుకు ముందు ‘బాల’ చేర్చింది హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతులు. ఆ తర్వాత మన ఆకాశవాణి కేంద్రం, భక్తిరంజని, ఇంటింటా మోగిన రామదాసు కీర్తనలు, ఇక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ పదవి, 1991లో పద్మవిభూషణ్. ఇవన్నీ మీకు తెలిసినవే. ఈ పూట నాలుగు స్వరాల సంగతి చూద్దాం.

కుర్రతనంలోనే ఆయన 72 మేళకర్త రాగాల్లోనూ, అంటే ఏడు స్వరాలూ ఉన్న మూల రాగాలన్నిటిలోనూ, కృతులు కట్టారు. స అంటే షడ్జం, రి రిషభం, గ గాంధారం, మ మధ్యమం, ప పంచమం, ధ ధైవతం, ని నిషాదం. రిషభ గాంధారాల జతలు ఆరు, ధైవత నిషాదాల జతలు ఆరు. ఆరార్లు 36. శుద్ధ మధ్యమంతో ఒకసారి, ప్రతి మధ్యమంతో ఒకసారి, మొత్తం 72. ఏడు స్వరాల్లో ఎన్ని రకాలున్నాయో అన్నీ గొంతులో ఆడించిన మనిషి, తర్వాత స్వరాలు తీసెయ్యడం మొదలుపెట్టారు. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలని శాస్త్రం చెబుతుంటే ఈయన నాలుగుతో కట్టారు, మూడుతోనూ కట్టారు. వీణ ఎస్. బాలచందర్ లాంటి విద్వాంసులు గట్టిగానే తప్పుపట్టారు. శాస్త్రం మీద వాదన ఎలా ఉన్నా, పాడి చూస్తే ఇందులో కష్టమెక్కడో తెలుస్తుంది.

‘మహతి’ తీసుకోండి. షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం. అంతే. వినడానికి పిల్లల పాఠంలా ఉంటుంది. నిషాదం దగ్గరే వస్తుంది చిక్కు. కైశికి నిషాదాన్ని ఊపి పాడటం మనకు అలవాటు. ఆ ఊపునే గమకం అంటాం. ఆ ఊపు కిందికి జారిందా, ధైవతం తగులుతుంది, మహతి కాస్తా వలజి అనే వేరే రాగం అయిపోతుంది. హంసధ్వని రాగం బాగా సాధన చేసిన గొంతుకైతే ఇంకో జబ్బు: నిషాదం తెలియకుండానే పైకెక్కి, హంసధ్వనిలో ఉండే కాకలి నిషాదం అవుతుంది. పంచమం నుంచి గాంధారానికి దిగేటప్పుడు మధ్యమం మీదుగా జారితే తిలాంగు రాగం వాసన వేస్తుంది. కాబట్టి స్వరాన్ని ఊపకుండా, నిటారుగా, సూటిగా తాకాలి. గమకం మీద బతికే సంగీతంలో గమకాన్ని అదుపులో పెట్టడం చిన్న పని కాదు. బాలమురళిగారి స్వరం సూది మొనలా దిగుతుందంటారే, ఆ గొంతు లేకపోతే ఈ రాగం నిలబడదు.

ఇక స్వరకల్పన, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటం. ఆది తాళం ఒక చుట్టును ఆవర్తనం అంటాం, అందులో ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది దెబ్బలు. అక్షరానికి నాలుగు స్వరాల చొప్పున ఆవర్తనానికి 32 స్వరాలు. నాలుగు స్వరాలను తారుమారు చేస్తే వచ్చే వరసలు 24. ఒక్కొక్కటి ఒక్కసారి పాడితే 96 స్వరాలు. అంటే మూడు ఆవర్తనాల్లో సరుకు అయిపోతుంది! అదే ఏడు స్వరాలైతే వరసలు 5040. మరి ఆయన అంతసేపు ఎలా పాడేవారు? ఒకటి, కార్వలు: స్వరం మీద నిలిచి, తాళాన్ని నడవనిచ్చి, మళ్లీ అందుకోవడం. రెండు, నడక మార్చడం: చతురశ్రంలోంచి తిశ్రంలోకి, అంటే నాలుగుల నడకలోంచి మూడుల నడకలోకి రాగానే అదే స-గ-ప-ని కొత్తగా వినిపిస్తుంది. మూడోది గొంతు. మంద్ర, మధ్య, తార స్థాయిలు, అంటే కింది, నడిమి, పై స్థాయిలు మూడూ చేతిలో ఉన్నవాడికి నాలుగు స్వరాలు పన్నెండవుతాయి. మంద్రంలో ఆయన గొంతు గరగరలాడేది కాదు, తారంలో కీచుమనేది కాదు. అలాంటి గొంతు లేనివాళ్లు మహతిని అయిదు నిమిషాలు దాటించకపోవడమే మంచిది.

‘లవంగి’ అయితే మరీ పేచీ. షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. పంచమం లేదు. తంబురాలో మాత్రం మొదటి తీగ పంచమమే, సారణి, అనుసారణి, మంద్రం అనే షడ్జం తీగలు దాని తర్వాతే. శుద్ధ ధైవతం ఆ పంచమానికి ఒక్క స్వరస్థానం పైన ఉంటుంది. పక్కన తీగ మోగుతూనే ఉంటుంది, గొంతును కిందికి లాగుతూనే ఉంటుంది. లాగుడుకు లొంగితే పంచమం పడుతుంది. స-రి-మ-ప-ధ, సావేరి రాగం ఆరోహణ, అంటే పైకెక్కే వరస!

ఇంట్లో శ్రుతిపెట్టె ఉన్నవాళ్లు ప్రయత్నించవచ్చు. సెల్‌ఫోన్లో తంబురా అయినా సరే. మీ గొంతుకు హాయిగా ఉండే శ్రుతి పెట్టుకోండి. స, రి, మ, ధ, ఒక్కో స్వరం మీద నాలుగు అక్షరాలు నిలవండి. ధైవతం మీద ఎనిమిది. ఆరో అక్షరం దగ్గర జారుతున్నట్టు అనిపిస్తుంది, ఊపిరి తగ్గుతుంది కాబట్టి. ఊపిరి ముందే నింపుకోండి. సావేరి వచ్చేసిందా, నవ్వుకుని షడ్జం నుంచి మళ్లీ ఎత్తుకోండి.

(తంబురా శ్రుతి)